ఎంగిలి చేయని ఫ్లాపీ

తెల్లాపూర్‌లో మా అపార్టుమెంట్ల గేటు దగ్గర ఈ మధ్యనే చేరిన సెక్యూరిటీ ఉద్యోగి పేరు మల్లేశం. మొన్న ఉదయం నడక ముగించుకుని వస్తున్నప్పుడు అతను తల వెనక్కి వాల్చి, నీళ్ళ సీసాను మొహానికి జానెడు ఎత్తున పట్టుకుని తాగుతున్నాడు. సీసా మూతి పెదవికి తగలడం లేదు. సన్నని ధార తిన్నగా గొంతులోకి దిగుతోంది. గుటకకూ గుటకకూ మధ్య విరామం లేని ఆ గటగట శబ్దం గేటు ఇవతలికి వినిపిస్తోంది. నేను నిలబడిపోయాను. ఆ చప్పుడు మరొకరికి వేసవి ప్రయాణాన్నో, రైలు ప్లాట్‌ఫారాన్నో గుర్తుకు తేవచ్చు. నాకు మాత్రం మాదాపూర్‌లో ఒక అద్దె భవనం రెండో అంతస్తు, కిటికీకి బిగించిన పాత ఏసీ రొద, నా చేతిలోని నల్లటి ఫ్లాపీ, దాన్ని వేలితో చూపిస్తూ నిలబడిన అనసూయ గారు గుర్తుకు వచ్చారు.

పాఠకులకు ఒక మాట ముందే చెప్పాలి. నేను డైరీ రాసేవాణ్ణి. సరిచూసుకోకుండా జ్ఞాపకాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. ఇది రాయడానికి కూర్చునే ముందు తొంభై తొమ్మిది నాటి డైరీని వెతికి తీసి చదివాను. అందులో బస్సు చార్జీలు ఉన్నాయి, వాన పడిన రోజులు ఉన్నాయి, అనసూయ గారు అన్న మాటలు మాత్రం దాదాపు లేవు. అవి రాసుకోదగిన మాటలని అప్పటికి నాకు తెలియదు. కనుక ఏది ముందు ఏది వెనుక అన్నదానికి డైరీ సాక్ష్యం, ఎవరేమన్నారన్నదానికి నా చెవి సాక్ష్యం.

అప్పటి మాదాపూర్‌ను ఇప్పుడు ఊహించుకోవడం కష్టం. గుట్టలను పేల్చి రోడ్లు వేస్తున్నారు. పేలుడు ముందు ఈల వేస్తే మేము కిటికీ తలుపులు మూసుకునేవాళ్ళం. మా మేడ మీద నుంచి చూస్తే రాళ్ళ మధ్య గుండ్రటి గాజు భవనం ఒక్కటి మెరుస్తూ కనిపించేది. చుట్టూ ఇంకా తుమ్మచెట్లూ మేకలూ ఉండేవి. మా కంపెనీ ఆ భవనంలోకి వెళ్ళగలిగినంత పెద్దది కాదు. దుకాణాలకూ ఆసుపత్రులకూ లెక్కల ప్రోగ్రాములు రాసి ఇచ్చేది. రెండు వేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పుతాయన్న భయం ఆ రోజుల్లో అందరికీ ఉండటం వల్ల చేతినిండా పని దొరుకుతుందని మా ఆశ. యజమాని రామ్మోహన్ గారిది కృష్ణా జిల్లా. నవ్వుతూ మాట్లాడే మనిషి, ఎవరినైనా అయిదు నిమిషాల్లో స్నేహితుణ్ణి చేసుకోగల మనిషి. కంప్యూటర్ల బాధ్యత అంతా అనసూయ గారిది. ఆవిడ గోపన్‌పల్లిలో పుట్టి పెరిగారు. అప్పటికది అపార్టుమెంట్ల గోపన్‌పల్లి కాదు, జొన్నచేలున్న ఊరు. నేత చీర కట్టుకుని, చేతిగడియారం ముంజేతి లోపలి వైపు పెట్టుకుని, ఆ మట్టి రోడ్డు మీద మోపెడ్ నడుపుకుంటూ వచ్చేవారు. ఆఫీసులో సగం మంది మా కోస్తా వాళ్ళమే. మిగిలిన సగం మాలాగా మాట్లాడటం సాధన చేస్తుండేవారు. ఆవిడ మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే ఆఫీసులోనూ మాట్లాడేవారు. 

నేను తెనాలి నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన రోజు. ఆ కాలంలో కంప్యూటర్ పని నేర్చిన ప్రతివాడి జేబులోనూ ఒక ఫ్లాపీ ఉండేది. చూడని వారి కోసం చెబుతున్నాను: అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ బిళ్ళ అది. ఈనాటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అయినా మా విద్య అంతా అందులోనే మోసుకు తిరిగేవాళ్ళం. నాకు చూపించిన కంప్యూటర్ ముందు కూర్చుని, జేబులోంచి ఫ్లాపీ తీసి దాని నోట్లో పెట్టబోతున్నాను.

"ఆగు. ఏందది?" అన్నారు అనసూయ గారు వెనక నుంచి.

"నా ఫ్లాపీ మేడం. నా ప్రోగ్రాములన్నీ ఇందులోనే ఉన్నాయండి."

"ఎక్కడెక్కడ తిరిగొచ్చింది?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమీర్‌పేటలో శిక్షణ కేంద్రం, స్నేహితుడి గది, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్నెట్ సెంటరు.

"అయితే మస్తు ఎంగిలైంది. అవుతల పెట్టు."

నా మొహం మాడిపోయింది. మా ఇంట్లో ఆ మాట కంచాలకూ గ్లాసులకూ వాడేవారు. కొందరు మనుషులను గడప బయట ఉంచడానికి కూడా వాడేవారు. చదువుకుని, ఆ మాట నుంచి దూరంగా వచ్చాననుకుంటే మాదాపూర్‌లో ఒక ఇంజనీరు దాన్ని నా ఫ్లాపీకి అంటగట్టారు. ఆవిడ నా మొహం చూశారు. తన బల్ల మీది నీళ్ళ సీసా తీసి నా చేతికిచ్చారు. "తాగు" అన్నారు. ఏం చేయాలో తెలియక సీసా నోటికి పెట్టుకుని ఒక గుటక తాగాను.

"ఇప్పుడు నాకు దూప అయితున్నది. నేనెట్ల తాగాలె?"

"కడిగి ఇస్తాను మేడం."

"మంచిది. ఫ్లాపీనెట్ల కడుగుతవ్?"

ఆవిడ సీసా కడిగించి, నీళ్ళు నింపించి, తల వెనక్కి వాల్చి ఎత్తి తాగి చూపించారు. తర్వాత నన్ను తాగమన్నారు. సగం నీళ్ళు నా కాలరులోకి దిగాయి. కొత్త ఉద్యోగానికని కుట్టించుకున్న చొక్కా అది. "నేర్చుకుంటవ్ తియ్" అని, నా ఫ్లాపీ మూలన ఉన్న చిన్న మీటను గోటితో జరిపారు. టక్కుమంది. అక్కడ ఒక రంధ్రం తెరుచుకుంది. "ఇది తెరిచి ఉంటే కంప్యూటర్ దీన్ని చదువుతది గానీ దీని మీద ఏమీ రాయలేదు. ఎత్తి తాగినట్టన్నట్టు. ఎవరి కంప్యూటర్ల పెట్టినా ముందుగాల వెలుగుకు పెట్టి చూడు. రంధ్రంల నుంచి వెలుగు కనపడాలె." ఆ రోజు నుంచి ఫ్లాపీలు కనుమరుగయ్యే దాకా, ప్రతి ఫ్లాపీనీ ఒకసారి కిటికీ వైపు ఎత్తి చూడకుండా నేను వాడలేదు.

రామ్మోహన్ గారికి ఇదంతా వినోదంగా ఉండేది. "మా అనసూయ గారు కంప్యూటర్లకు మడి కట్టించారండీ. రేపు మౌస్‌కు పసుపు రాయమంటారేమో" అని వచ్చిన అతిథులకు చెప్పేవారు. ఒకసారి ఆవిడ ఎదురుగానే అన్నారు. అనసూయ గారు నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. "మడి కట్టుకున్నోళ్ళు ఎదుటోడు ఖరాబు అనుకుంటరు సార్. నేను మొదలు నాదే ఖరాబు అనుకుంట. గందుకే మీ రూంల కంప్యూటర్ కూడ ఒక్కసారి చూడనియ్యిండ్రి" అన్నారు. ఆయన చేతులు జోడించి, "నా గదిని వదిలేయండి తల్లీ, అందులో ఉన్నవి నా అబద్ధాలే" అన్నారు. అందరం నవ్వాం. ఆయన గది ఒక్కటే ఆవిడ తనిఖీకి బయట మిగిలిపోయింది.

ఆవిడ జాగ్రత్త యంత్రాల దగ్గర ఆగేది కాదు. ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టబోతుంటే ఆవిడ మొహం తిప్పుకుని కిటికీలోకి చూసేవారు. ఊరికే చూపు పక్కకు మరల్చడం కాదు. కుర్చీతో సహా అటు తిరిగి, పని అయిందని చెప్పేదాకా తిరిగేవారు కాదు. అవతలివాడు తన కింద పనిచేసే కుర్రవాడైనా అంతే. ఆ పాస్‌వర్డ్ ఇచ్చింది తానే అయినా అంతే. ఒకసారి అడిగాను, నా పాస్‌వర్డ్ మీకు తెలుసు కదండీ, ఎందుకు తిరుగుతారని. "నాకు తెలుసుడు వేరే ముచ్చట. నీది నువ్వు కొట్టుకునేటప్పుడు నీకు జాగ ఉండాలె గద" అన్నారు. క్రమంగా ఆఫీసంతా ఆ పద్ధతి పాకింది. బయటివాళ్ళు వస్తే, ఒకడు కీబోర్డు మీద చేయి వేయగానే మిగిలినవారంతా ఒక్కసారిగా కిటికీ వైపు తిరగడం చూసి, బయట ఏమైందోనని వాళ్ళూ తొంగిచూసేవారు.

నాకు ఆవిడ నేర్పిన అసలు విద్య మేడ మీద, మధ్యాహ్న భోజనం వేళ మొదలయింది. స్టీలు డబ్బాలో జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు తెచ్చుకునేవారు. నేనప్పుడు ఆసుపత్రుల కోసం ఒక ప్రోగ్రాం రాస్తున్నాను. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించాలంటే నాలుగైదు ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాలి. ఆవిడ చూసి, ఇది ఒక్క ఫ్లాపీలోంచే నడవాలి, ఎదుటివారి కంప్యూటర్‌లో ఏమీ ఎక్కించకూడదు, అన్నారు. ఇప్పుడు దాన్ని పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఆవిడ సద్ది అనేవారు.

"మా నాయిన పొలం పోతే సద్ది కట్టుకపోయేటోడు. ఎవరి గట్టు మీద కూసున్నా తన సద్ది తనే తినేటోడు. చెయ్యి కడుక్కొని లేస్తే ఆడ మనిషి కూసున్నట్టే తెల్వకపోవు. ప్రోగ్రాం గట్ల ఉండాలె. నువ్వు రాసింది సుట్టపోని లెక్కున్నది శేషూ. ఒక్క పూటకని వస్తడు, పొయ్యి కాడికి పోతడు, బియ్యం డబ్బాల చెయ్యి పెడ్తడు, పోతా పోతా చెప్పులు ఇడిచిపెట్టి పోతడు."

"చెప్పులెందుకండీ?"

"మల్ల వచ్చెతందుకు."

నేను రాసినదాన్ని కోయడం మొదలుపెట్టాను. తెర మీద మీటల పక్కన ముచ్చటపడి పెట్టిన రంగుల బొమ్మలు ఉండేవి. అవెందుకని అడిగారు. అందంగా ఉంటాయన్నాను. "సద్దిల అద్దం పెట్టుకపోతవా?" అన్నారు. బొమ్మలు పోయాయి. తర్వాత, ఎవరూ నొక్కని మీటలు పోయాయి. చివరికి అది ఒక్క ఫ్లాపీలో ఇమిడినప్పుడు, ఆ ఫ్లాపీని తీసేస్తే ఎదుటి కంప్యూటర్‌లో మా జాడ ఏమీ మిగలనప్పుడు, ఆవిడ దాన్ని వెలుగుకు ఎత్తి చూసి నా చేతిలో పెట్టారు. మెచ్చుకోలు అంతే. నేను ఆ తర్వాత చాలా పెద్ద పనులు చేశాను. వాటిలో ఏదీ అంత శుభ్రంగా చేశానని చెప్పలేను.

ఆ ప్రోగ్రాంతోనే మేము మూసాపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. దాని యజమాని నరహరి గారు పెద్దవయసు డాక్టరు. రోగుల వివరాలన్నీ, ఎవరికి ఏ మందు పడదో, ఎవరిది ఏ నెత్తురో, ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. దాని ముందు కూర్చునే అమ్మాయి రజిత. వానాకాలంలో రామ్మోహన్ గారు ఒకసారి వెళ్ళి పరిచయం చేసుకుని వచ్చారు. ఆ పని దొరికితే మా కంపెనీ నిలబడుతుంది, దొరకకపోతే దసరా తర్వాత జీతాలు అనుమానమే. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. బయలుదేరే ముందు రామ్మోహన్ గారు అనసూయ గారితో, "మన ప్రోగ్రాంను వాళ్ళ కంప్యూటర్‌లో ఎక్కించేసి రండి. ఒకసారి అలవాటు పడితే వాళ్ళే వదలరు" అన్నారు. "చూపిచ్చెతందుకు పోతున్నం సార్, ఉండిపోయెతందుకు కాదు" అని ఆవిడ నా ఫ్లాపీని సంచిలో వేసుకున్నారు.

రజిత ఫ్లాపీ పెట్టింది. నల్లటి తెర మీద ప్రోగ్రాం మొదలు కాబోయి ఆగింది. ఫ్లాపీ మీద రాయడం కుదరడం లేదని ఒక వాక్యం వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అదే. వెనక నిలబడిన రామ్మోహన్ గారు నా చెవిలో, "ఆ మీట జరిపేయవయ్యా, నడుస్తుంది" అన్నారు. నిజమే. జరిపితే నడిచేది. అనసూయ గారు మాత్రం ఆ వాక్యాన్ని తదేకంగా చూస్తున్నారు.

"శేషూ, మన ప్రోగ్రాం ఫ్లాపీ మీద ఏమన్న రాస్తదా?"

"లేదండీ. చదవడమే."

"మరి రాస్తనంటున్నదెవరు?"

అప్పుడు నాకు అర్థమైంది. మా ప్రోగ్రాం రాయడం లేదు. ఆ కంప్యూటర్‌లో దాగి ఉన్నదేదో, వచ్చిన ప్రతి ఫ్లాపీ మీదా తన నకలు రాసుకోవాలని చూస్తోంది. రంధ్రం తెరిచి ఉండటం వల్ల దానికి సాధ్యం కాలేదు, అందుకే బయటపడింది. ఆవిడ డాక్టరు గారి వైపు తిరిగి, మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, రోగుల వివరాలు వెంటనే వేరే చోటికి తీసి పెట్టుకోవాలి, అని చెప్పారు.

నరహరి గారికి కోపం వచ్చింది. "మీ సామాను నడవకపోతే మా దవాఖానకొచ్చి మాకే రోగమున్నదంటున్నరా? అమ్మకానికి ఇదొక తరీఖా అన్నట్టు."

"మా మాట నమ్మకుండ్రి సార్. కొత్త ఫ్లాపీ ఒకటి తెప్పించి, దీని మూల గిట్ల తెరిచి, ఈ కంప్యూటర్ల పెట్టి చూడుండ్రి. మల్ల వేరే ఎవరిదన్న కంప్యూటర్ల పెట్టి చూడుండ్రి. ఒక్కటే మొత్తుకుంటే అదే బీమారుది."

ఆఫీసు దగ్గర కారు దిగుతూ రామ్మోహన్ గారు అనసూయ గారితో, "ఇలాంటి ప్రదర్శనలకు ఇక మీరు రానక్కర్లేదండీ" అన్నారు. ఆవిడ "మంచిది సార్" అన్నారు.

ఆ వారంలోనే డాక్టరు గారు ఫోన్ చేశారు. తానే కొత్త ఫ్లాపీ తెప్పించుకుని, ఆవిడ చెప్పినట్టు రెండు చోట్లా పరీక్షించారట. పైగా రజిత చూస్తుంటే కొందరు రోగుల పేర్ల స్థానంలో పిచ్చి గీతలు కనిపిస్తున్నాయట. "ఆ అమ్మను పంపియ్యిండ్రి" అన్నారు.

మేమిద్దరం వెళ్ళింది పెత్రమాస నాడు, అంటే మహాలయ అమావాస్య రోజున. ఆవిడ లోపలి ప్రోగ్రాములను కదిలించకుండా, వెంట తెచ్చిన సద్ది ఫ్లాపీతోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టారు; అప్పుడు లోపలి వైరస్ నిద్ర లేవదు. రోగుల వివరాలను కొత్త ఫ్లాపీలలోకి ఎత్తసాగారు. అది మెల్లగా సాగే పని. రజిత గడియారం చూసుకుంటోంది. "మేడం, జర తొందరగ అయితదా? ఇయ్యాల ఎంగిలిపూల బతుకమ్మ" అంది. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి. పండుగ మొదటి రోజుకు ఎంగిలిపూలని పేరా? పూలకు ఎంగిలి ఏమిటి? అందులోనూ దేవతకు పెట్టేవాటికి? నా ఆశ్చర్యం చూసి రజిత నవ్వింది. ముందునాడే కోసిన పూలు గనక అని కొందరు, తిన్నాక పేరుస్తారు గనక అని కొందరు చెబుతారంది.

"మరి మీరు ఎంగిలి అంటేనే ఒప్పుకోరు కదండీ?" అని అనసూయ గారిని అడిగాను.

"ఎంగిలంటే రోత కాదు శేషూ. ఒకరు ముట్టిన గుర్తు. చెప్పి ఇస్తే పంచుకున్నట్టు. చెప్పకుండ అంటిస్తే రోగం." తెర మీద నుంచి చూపు తిప్పకుండా అన్నారు. తర్వాత రజితను, ఇక్కడ వాడిన ఫ్లాపీలన్నీ తెమ్మన్నారు.

రజిత తెచ్చిన డబ్బాలో ఒక ఫ్లాపీ మీద మా కంపెనీ పేరుంది. వానాకాలంలో రామ్మోహన్ గారు ఇచ్చి వెళ్ళినది. మా కంపెనీ గురించి నాలుగు బొమ్మలూ నాలుగు మాటలూ అందులో పెట్టి, విజిటింగ్ కార్డులా పంచడం ఆయన అలవాటు. దాని మూల రంధ్రం మూసి ఉంది. ఆవిడ పరీక్షించారు; అందులో అదే వైరస్. అయితే అంతమాత్రాన అది మాదని చెప్పలేం. ఈ కంప్యూటరే దానికి అంటించి ఉండవచ్చు. ఆవిడ నాతో ఆఫీసుకు ఫోన్ చేయించి, రామ్మోహన్ గారి అనుమతి తీసుకుని, ఆయన గదిలోని కంప్యూటర్‌ను చూడమని అక్కడి కుర్రవాళ్ళకు చెప్పించారు. కాసేపటికి జవాబు వచ్చింది: అక్కడా అదే. రంధ్రం తెరిచి ఉన్న నా ఫ్లాపీ తప్ప, ఆసుపత్రి నుంచి మా ఆఫీసుకు ఏ ఫ్లాపీ ఎన్నడూ రాలేదు. అంటే వైరస్ మా దగ్గర నుంచి ఇక్కడికి వచ్చిందే తప్ప, ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళింది కాదు. 

ఫోన్ రాగానే రామ్మోహన్ గారు స్వయంగా బయలుదేరి వచ్చారు. వరండాలో, మందుల వాసన మధ్య నిలబడి మాట్లాడుకున్నారు. నేను పక్కనే ఉన్నాను.

"గట్టిగా అనకండి. డాక్టరు గారు ఇప్పుడు మిమ్మల్ని దేవతలా చూస్తున్నారు. పని మనకే ఇస్తారు. అదెక్కణ్ణుంచి వచ్చిందో ఎవరడిగారండీ?"

"అడగలే. అడిగినంక చెప్పుడు కంటె ముందు చెప్పుడే మంచిది."

"ఈ పని పోతే జీతాలెక్కణ్ణుంచి తెమ్మంటారు? మీదీ అందులోదే కదా."

"ఎరుకే సార్."

"నేను వద్దంటే?"

"నౌకరీ ఇడిచిపెట్టి, నేనే చెప్త." ఆవిడ గొంతు పెరగలేదు. "కానీ అది మీ ఫ్లాపీ. మీ నోటితోని చెప్తేనే మర్యాద."

డాక్టరు గారి గదిలోకి పిలిచారు. ఆయన టీ తెప్పించారు. ఇంత పని చేసి పెట్టినందుకు సంతోషం అన్నారు. రామ్మోహన్ గారు టీ కప్పు పట్టుకుని కూర్చున్నారు, తాగడం లేదు. ఆయన నవ్వు మొహం అలా ఖాళీగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. అప్పుడు అనసూయ గారు కుర్చీతో సహా కిటికీ వైపు తిరిగారు. బయట మూసాపేట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆవిడ వాటిని చూస్తూ కూర్చున్నారు. డాక్టరు గారు అయోమయంగా ఆవిడ వీపు వైపు చూశారు. దాని అర్థం ఆ గదిలో నాకు తెలుసు, రామ్మోహన్ గారికి తెలుసు. నేనూ కిటికీ వైపు తిరిగాను.

వెనక కప్పు సాసరులో పెట్టిన చప్పుడు వినిపించింది.

"డాక్టరు గారూ, ఆ వైరస్ మీకు మా నుంచే వచ్చిందండీ. నేనిచ్చిన ఫ్లాపీతో. మా అనసూయ గారు నా కంప్యూటర్ చూస్తానంటే చూడనివ్వలేదు. తప్పు నాది."

తర్వాత నరహరి గారి గొంతు: "ఎట్ల వచ్చిందని నేను పేషెంట్లను అడుగుతనే ఉంట. ఒక్కడు సక్కగ చెప్పడు. మీరు చెప్పిండ్రు." ఆపైన "పని సంగతి తర్వాత మాట్లాడుదాం" అన్నారు.

ఆ తర్వాత అనేది రాలేదు. పని వేరే వారికి పోయింది. మా జీతాలు కొంతకాలం సగమే వచ్చాయి, తర్వాత మరో చోట పని దొరికి కంపెనీ ఎలాగో తేరుకుంది. రామ్మోహన్ గారు కొన్నాళ్ళు ఆవిడతో ముభావంగా ఉన్నారు. ఒక ఉదయం వచ్చి తన గది తాళంచెవి ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆపైన ఆయన ఏ ఫ్లాపీ ఇచ్చినా దానికి మూల మీట ఉండేది కాదు, స్క్రూడ్రైవర్‌తో పెకలించేసేవారు. "జరుపుదామన్నా జరగదండీ" అని అతిథులకు చూపించేవారు. మడి మాట మళ్ళీ ఎత్తలేదు.

పెత్రమాస సాయంత్రానికి తిరిగి వస్తే, మూసాపేట నుంచి ఆటోలో వస్తున్నప్పుడు దారి పొడవునా ఆడవాళ్ళు తంగేడు, గునుగు పూలు పేర్చిన తాంబాలాలు పట్టుకుని నడుస్తున్నారు. అనసూయ గారు ఇంటికి వేళ దాటుతున్నదని తొందరపడుతున్నారు. నౌకరీ పోతుందని భయం వేయలేదా అని అడిగాను. వేసిందన్నారు. పూల వైపు చూస్తూ, నేను అడగని సంగతి చెప్పారు.

"మా నాయిన దొర ఇంటికి పని మీద పోతే, దూపైతే దోసిలి పట్టుమనేటోళ్ళు. మీదికెల్లి పోసేటోళ్ళు. చెంబు ఇస్తె ఎంగిలైతదని. చిన్నప్పుడు నేను పక్కన నిలబడి చూసిన."

"మరి ఆ మాటే మీరెందుకు వాడతారండీ?"

"వాళ్ళు ఎత్తి పోసింది మాది వాళ్ళకు అంటొద్దని. నేను ఎత్తి తాగేది నాది ఎవ్వరికీ అంటొద్దని. నీళ్ళు పడుడు ఒక్కతీరే ఉంటది శేషూ." ఆటో ఆమె దిగవలసిన మలుపు దగ్గర ఆగింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ దిగి, "రేపు ఆ ఫ్లాపీలన్నీ ఇంకోసారి చూడాలె, జల్ది రా" అని నడిచిపోయారు.

అనసూయ గారు కాలం చేసి కొన్నేళ్ళయింది. ఫ్లాపీలు అంతకు చాలా ముందే పోయాయి. వాటి తర్వాత పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. నా తాళాల గుత్తికి ఇప్పటికీ ఒకటి ఉంది, నాకు కావలసిన ప్రోగ్రాములన్నీ ఎవరి కంప్యూటర్‌లోనూ ఎక్కించకుండా అందులోంచే నడుస్తాయి. దానికి మూలన మీట లేదు, వెలుగుకు ఎత్తి చూడటానికి రంధ్రం లేదు. కూరగాయల దుకాణంలో ముందున్నవారు ఫోనులో రహస్యసంఖ్య నొక్కుతుంటే నేను వెనక్కి తిరిగి నిలబడతాను. వరసలోని వారు నన్ను చూసి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తారు. మా అమ్మాయి తన ఫోను నా చేతికిచ్చి ఏదైనా చూడమంటే, చూపించిన పేజీ తప్ప పక్క పేజీలోకి వేలు జరపను. ఇవి చెప్పుకోదగ్గ గుణాలేమీ కావు. ఒకరి దగ్గర పని నేర్చినవాడికి చేతిలో మిగిలే పద్ధతులు.

మొన్న ఉదయం గేటు దగ్గర అలా నిలబడిపోయిన నన్ను చూసి మల్లేశం సీసా దించాడు. నాకు దాహమైందనుకున్నాడు. ఇవ్వబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"పొద్దుగాల మా బిడ్డ కరుచుకొని తాగింది సార్, ఎంగిలిది. ఫికర్ లేదంటె తాగుండ్రి."

చెప్పి ఇచ్చాడు. నేను సీసా అందుకుని, తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తున పట్టుకున్నాను. సగం నీళ్ళు కాలరులోకి దిగాయి.

"అలవాటు లేనట్టున్నది సార్" అన్నాడు మల్లేశం.

"ఇంకా నేర్చుకుంటున్నా" అన్నాను.